డూప్లికేట్ తాళాల రిజిస్టరు

మా కాలపు బ్యాంకు బ్రాంచిలో నోట్ల కట్టలతో సమానంగా దాచే పుస్తకం ఒకటుండేది. దాని పేరు డూప్లికేట్ తాళాల రిజిస్టరు. స్ట్రాంగ్‌రూము తలుపు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి మేనేజరు దగ్గర, ఇంకొకటి హెడ్ క్యాషియరు దగ్గర ఉండేవి. ఇద్దరూ వచ్చి నిలబడితే తప్ప తలుపు కదలదు. దీన్ని జాయింట్ కస్టడీ అనేవాళ్లం. ఆ రెండు చెవులకూ నకలు జత ఉంటుంది. దాన్ని బ్రాంచిలో ఉంచకూడదు. గుడ్డ కవరులో పెట్టి, లక్క కరిగించి సీలు వేసి, అతుకు మీద ఇద్దరి సంతకాలూ పడేట్టు చూసి, ఇంకో బ్రాంచిలోనో ఇంకో బ్యాంకులోనో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఏడాదికోసారి ఆ జతను వెనక్కి తెచ్చి వాడుకలో పెట్టి, వాడుతున్న జతను అక్కడికి పంపాలి. తీసుకున్నదెవరు, ఏ తేదీన, ఎందుకు, తిరిగి సీలు వేసింది ఎవరి ఎదుట, అన్నీ రిజిస్టరులో ఎక్కాలి. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసరు క్యాష్ లెక్కపెట్టాక అడిగే పుస్తకాల్లో అదొకటి.

నాది రాప్తాడు. అనంతపురం దాటి బెంగళూరు వైపు హైవే మీద కాస్త దూరం పోతే తగిలే ఊరు. ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల బ్రాంచీల్లోనే క్యాషియరుగా మొదలై ఆఫీసరుగా ముగిసింది. మా బీరువాల్లో ఉండేది నగదు తక్కువ, బంగారం ఎక్కువ. వేరుశనగ విత్తనం పడాలంటే జూన్‌లో పుస్తెలగొలుసు బ్యాంకుకు రావాలి. పంట పండితే సంక్రాంతి లోపల ఇంటికి పోతుంది. పండకపోతే వడ్డీ కట్టి తిరగ రాసుకుంటారు. వానలు మొహం చాటేసిన ఏడు మా స్ట్రాంగ్‌రూములో కాలు పెట్టే సందు ఉండేది కాదు. అప్రైజరు గీటురాయి మీద గీసి, తూకం రాసి, చిన్న సంచిలో మూట కట్టి, చీటీ తగిలించి ఇస్తే, మేమిద్దరం కలిసి లోపల పెట్టేవాళ్లం. ఒకసారి ఒక పెద్దావిడ సరుడు కుదువ పెట్టి, రసీదు మడిచి రవికలో దోపుకొని, పోతూ పోతూ వెనక్కి తిరిగి, "బీగంచెవి నీ కాడనే ఉంటాది గదా నాయనా?" అంది. నా దగ్గర సగమే ఉంటుందని చెప్పాను. ఇంకో సగం ఎవరి దగ్గరుందో పేరు చెప్పమంది. చెప్పాను. మరి పోతే? అంది. పోతే అనంతపురంలో సీలేసిన జత ఉందని చెప్పాను. అప్పుడు గానీ గడప దిగలేదు. చదువు రాని మనిషి. అయినా తన సొత్తు తాళం గురించి అడగాల్సిన మూడు ప్రశ్నలూ అడిగింది.

నకలు జత ఉండటం నేరమూ కాదు, అనుమానించదగ్గ పనీ కాదు. విత్తనాల సీజనులో, బయట జనం వరసకట్టి నిలబడ్డ రోజున, మా బ్రాంచిలో ఒకసారి చెవి తాళంలోనే విరిగింది. ఇద్దరం జీపులో అనంతపురం పోయి, సీలు చెడకుండా ఉందని రాయించుకొని, కవరు తెచ్చి తెరిచాం. ఆ నకలు లేకపోతే ఆ రోజు గ్యాస్ కట్టరు తెప్పించాల్సి వచ్చేది.

ఈ పద్ధతి బ్యాంకులు కనిపెట్టింది కాదు. ట్రెజరీల్లో డబుల్ లాక్ అని పాత ఏర్పాటు. స్టాంపు కాగితాల కోసం సబ్ ట్రెజరీకి పోయిన వెండర్లకు తెలుసు, రోజువారీ అమ్మకానికి కావలసినవి సింగిల్ లాక్‌లో, పెద్ద నిల్వ డబుల్ లాక్‌లో ఉండేవి. గుడి హుండీకి కూడా అంతే. ధర్మకర్త ఒక్కడే తెరవలేడు, దేవాదాయ శాఖ మనిషి ఒక్కడే తెరవలేడు. ఒక్క మనిషిని నమ్మకూడదన్న మాటను మొహమాటం లేకుండా ఇనుములో పోతపోశారు మన పెద్దలు.

కంప్యూటర్లు వచ్చినప్పుడు ఈ అలవాటును కూడా వెంట తెచ్చుకున్నాం. రిజర్వు బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లో, మళ్లీ 1989లో బ్యాంకుల యాంత్రీకరణకు దారి వేసింది. యూనియన్లు గట్టిగానే పోరాడాయి. వాటితో 1993 అక్టోబరులో ఒప్పందం కుదిరాక పెద్ద బ్రాంచీల్లో యంత్రాలు వరసగా దిగాయి. మాకు పాస్‌వర్డు అనే వస్తువు అప్పుడే పరిచయం. సిస్టమ్ పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి స్ట్రాంగ్‌రూములో దాచమన్నారు. పాస్‌వర్డు మార్చిన ప్రతిసారీ పాత కవరు చింపి కొత్తది పెట్టాలి. మేము నవ్వుకునేవాళ్లం గానీ, అందులో తెలివి ఉంది. మేనేజరుకు గుండెపోటు వస్తే బ్రాంచి మూతపడకూడదు. కవరు తెరిస్తే తెరిచినట్టు తెలిసిపోవాలి.

తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ప్రైవేటు కంపెనీలకు ఆ సేవలు అనుమతించింది 1998 నవంబరులో. అనంతపురంలో మేము 172233 నంబరుకు డయల్ చేసి, మోడెం గీపెడుతుంటే కాచుకు కూర్చున్న రోజులు. ఆ సేవల లైసెన్సు షరతుల్లో ఒక వాక్యం నన్ను ఇప్పటికీ వదలదు. సందేశాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే గూఢలిపికి 40 బిట్ల తాళం దాకా ఎవరైనా వాడుకోవచ్చు. అంతకు మించిన తాళం వాడేవాళ్లు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి, విప్పే తాళంచెవిని రెండు ముక్కలు చేసి అప్పగించాలి అని ఉండేది. నేను ఆ వాక్యం చదివినప్పుడు మా రిజిస్టరే గుర్తొచ్చింది. రెండు ముక్కలు, అప్పగింత, అంతా మన పద్ధతే. కానీ అతుకు మీద సంతకం ఏది? తీసినప్పుడు నాకు కబురు చేసేదెవరు? రసీదు ఎవరిస్తారు? ఆ వాక్యంలో అప్పగించడం గురించి ఉంది, తర్వాతి సంగతి లేదు.

40 బిట్లు అంటే ఏ పాటి తాళమో చెప్తాను. దానికి సాధ్యమయ్యే చెవుల సంఖ్య దాదాపు 1.1 లక్షల కోట్లు. వినడానికి పెద్దదే. 1997 జనవరిలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థి ఇయాన్ గోల్డ్‌బర్గ్ సుమారు 250 కంప్యూటర్లను కలిపి అలాంటి తాళాన్ని మూడున్నర గంటల్లో విప్పాడు. విద్యార్థి పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి పోయేలోగా ఊడే తాళాన్ని మన లైసెన్సులు ఏళ్ల తరబడి హద్దుగా పట్టుకొని కూర్చున్నాయి. 2001 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంటర్నెట్ బ్యాంకింగ్ మార్గదర్శకాలు ఇస్తూ కనీసం 128 బిట్ల భద్రత ఉండాలంది. ఒక శాఖ వద్దన్నది ఇంకో శాఖ తప్పనిసరి అంది. మాలాంటి వాళ్లు రిజర్వు బ్యాంకు మాటే విన్నారు, లేకపోతే ఖాతాదారులు మిగిలేవాళ్లు కాదు.

ఈ ఆలోచన పుట్టింది ఇక్కడ కాదు. 1993 ఏప్రిల్ 16న అమెరికా ప్రభుత్వం క్లిప్పర్ అనే చిప్పును ప్రకటించింది. టెలిఫోనులో పెడితే మాట గూఢలిపిలో పోతుంది, కానీ ప్రతి చిప్పు తాళానికీ నకలు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. ఆ నకలును కూడా రెండు ముక్కలు చేశారు. ఒకటి ప్రమాణాల సంస్థ నిస్ట్ దగ్గర, ఇంకొకటి ట్రెజరీ శాఖలో ఒక విభాగం దగ్గర. అచ్చం డబుల్ లాక్. దీనికే కీ ఎస్క్రో అని పేరు. మరుసటేడు బెల్ ల్యాబ్స్‌లో మాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు, నకలును గుర్తించడానికి వాడే భాగంలో సరిచూసే అంకె 16 బిట్లదేనని, గంట లోపలే దాన్ని ఏమార్చి, ప్రభుత్వానికి పనికిరాని నకలు ఇచ్చి చిప్పును మామూలుగా వాడుకోవచ్చని చూపించాడు. దొంగ తప్పించుకోగలడు, తిన్నగా వాడే మనిషి నకలు మాత్రం సర్కారు దగ్గర పడి ఉంటుంది. క్లిప్పరును జనం కొనలేదు, నాలుగేళ్లు తిరక్కుండా మాసిపోయింది.

చిప్పు పోయినా ఆలోచన పోలేదు. అది సాఫ్ట్‌వేర్ లోపలికి దూరింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. లోటస్ నోట్స్ అని ఆఫీసుల్లో మెయిళ్లకూ ఫైళ్లకూ వాడే సాఫ్ట్‌వేర్ ఉండేది. అమెరికా బయట అమ్మే ప్రతిలో 64 బిట్ల తాళం ఇస్తామని 1996లో ప్రకటించారు. ఆ రోజుల్లో ఎగుమతికి అనుమతించింది 40 బిట్లే. మరి ఎలా ఇచ్చారు? అందులో 24 బిట్లను అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ తాళంతో మూసి ప్రతి సందేశానికీ తగిలించారు. ఎన్‌ఎస్‌ఏకు విప్పాల్సింది 40 బిట్లే, మిగతా లోకానికి 64. కంపెనీ దీన్ని దాచలేదు, చెప్పే చేసింది. కానీ కొన్నవాళ్లలో ఆ మాట విన్నదెవరు? 1997లో స్వీడన్ పార్లమెంటు సభ్యులకూ పన్నుల శాఖ ఉద్యోగులకూ తాము రోజూ వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ఏర్పాటు ఉందని పత్రిక చూసి తెలిసింది. తర్వాత ఆడమ్ బ్యాక్ అనే గూఢలిపి నిపుణుడు ఆ ప్రోగ్రామును విప్పి చూస్తే, లోపలున్న ఆ తాళానికి పెట్టిన పేర్లు 'మినీట్రూత్', 'బిగ్ బ్రదర్'. సర్కారు అందరి మీదా నిఘా పెట్టే లోకాన్ని ఊహించి ఆంగ్ల రచయిత ఆర్వెల్ రాసిన నవలలోంచి తీసుకున్నవి. రాసినవాడికి తాను చేస్తున్నదేమిటో బాగా తెలుసన్న మాట.

మా రిజిస్టరుతో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. మేము జత అప్పగించేటప్పుడు మా సంతకం ఉండేది. ఇక్కడ పెట్టె అమ్మినవాడే నకలు చేసి ఇంకొకరికి ఇచ్చాడు, కొన్నవాడికి తెలియదు.

1997లోనే పదకొండు మంది గూఢలిపి శాస్త్రజ్ఞులు కలిసి ఈ నకళ్ల ఏర్పాటులోని ప్రమాదాల మీద ఒక నివేదిక రాశారు. అందులో నాకు నచ్చిన మాట ఒకటుంది, నా మాటల్లో చెప్తాను. వ్యాపారానికి కావలసిన నకలు వేరు, ప్రభుత్వం అడిగే నకలు వేరు. కంపెనీకి తన ఫైళ్లు పోకూడదు కాబట్టి దాచిన సమాచారానికి నకలు చాలు, అది తన ఇంట్లోనే ఉంచుకుంటుంది. మధ్యలో ఎగిరిపోయే ఫోను మాటకు నకలు వ్యాపారానికి అక్కర్లేదు, మాట తెగిపోతే మళ్లీ ఫోను చేసుకుంటారు. అది కావలసింది వినేవాడికే. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని అంటగట్టడం ముప్పై ఏళ్లుగా నడుస్తోంది.

మన తెలుగు నేల మీద ఈ విషయాన్ని సక్రమంగా పట్టుకున్న చోటు కూడా ఉంది. హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులో రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ. బ్యాంకులన్నిటినీ కలిపే ఇన్ఫినెట్ నెట్‌వర్కు 1999లో అక్కడి నుంచే మొదలైంది. 2002లో బ్యాంకులకు డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం దానికి వచ్చింది. మన దేశపు డిజిటల్ సంతకాల వ్యవస్థలో రెండు రకాల తాళాలను విడదీశారు. సంతకం చేసే తాళానికి నకలు ఎవరి దగ్గరా ఉండకూడదు, ఏ పరిస్థితిలోనూ. అది పోతే పాతది రద్దు చేసి కొత్తది ఇస్తారు. సమాచారాన్ని మూసే తాళానికి మాత్రం నకలు ఉండవచ్చు, ఎందుకంటే అది పోతే లోపలిది శాశ్వతంగా పోయినట్టే. నా సంతకం ముద్రకు నకలు చేస్తే అది ఫోర్జరీ, నా బీరువాకు నకలు చేస్తే అది జాగ్రత్త. ఇంత చిన్న తేడా చాలామంది ఆఫీసర్లకు ఇప్పటికీ పట్టలేదు.

ఎందుకంటున్నానంటే, మా జిల్లాలో తహసీల్దారు 'డిజిటల్ కీ', అంటే ఆయన డిజిటల్ సంతకం దాచిన చిన్న టోకెన్, అందరికీ తెలుసు. మీసేవ 2011 నవంబరులో మొదలైంది. అప్పటినుంచి కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రం, అడంగల్, అన్నీ ఆ కీతోనే కదులుతాయి. చట్టం ప్రకారం ఆ కీ ఆ అధికారి జేబులో ఉండాలి. ఉండేది చాలాచోట్ల కంప్యూటర్ ఆపరేటర్ టేబుల్ సొరుగులో, పాస్‌వర్డు చీటీతో సహా. ఎవరి భూమో ఎవరి పేరునో ఆన్‌లైన్‌లో ఎక్కిందని, డిజిటల్ కీ దుర్వినియోగమైందని జిల్లా పేజీల్లో వార్త వస్తుంది. అధికారి నాకు తెలియదంటాడు, ఆపరేటర్ సార్ చెప్పారంటాడు. సంతకం మాత్రం ఎలాంటి వణుకూ లేకుండా అధికారిదే. ఏ ప్రభుత్వమూ, ఏ గూఢచారీ అడక్కుండానే మనవాళ్లు పెట్టుకున్న ఎస్క్రో ఇది.

టెండర్ల సంగతి ఇంకా చిత్రం. సీమలో టెండరు పెట్టె అంటే ఏమిటో పాత కాంట్రాక్టర్లను అడగండి. ఆఫీసు గేటు దగ్గర నాలుగు సుమోలు ఆగి ఉంటే, రెండో వాడు కవరు వేయడానికి లోపలికి పోలేడు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చినప్పుడు గేటు దగ్గర మనుషులకు పని లేకుండా పోయింది. దేశంలో ఈ పని ముందుగా చేసిన రాష్ట్రాల్లో మనదొకటి, అది గట్టిగా చెప్పుకోదగ్గది. ఇప్పుడు ధర రాసిన కవరును, తెరిచే అధికారి తాళంతోనే మూసి పంపుతారు. గడువు ముగిశాక ఆయన టోకెన్ పెడితేనే తెరుచుకుంటుంది. అంటే రౌడీ గేటు దగ్గర నుంచి లేచిపోయాడు, ప్రశ్న తాళం దగ్గరికి వచ్చింది. ఆ అధికారి బదిలీ అయితే? టోకెన్ పోతే? ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన కేంద్ర టెండర్ల సాఫ్ట్‌వేర్‌లో దీనికి మంచి ఏర్పాటు ఉంది. నలుగురు అధికారులను ముందే నమోదు చేస్తారు, వాళ్లలో ఏ ఇద్దరి టోకెన్లు కలిసినా తెరుచుకుంటుంది. ఒకడు సెలవులో ఉన్నా పని ఆగదు, ఒక్కడే తెరవలేడు. ఈ లెక్క రాసిన ఇంజనీరుకు ఏ ట్రెజరీ ఉద్యోగి తండ్రో ఉండి ఉంటాడని నేను సరదాగా అనుకుంటాను.

తాళం ఎంత గట్టిదైనా పెట్టె నడిపేవాడి చేతుల్లో సందు ఉంటే ఏమవుతుందో మధ్యప్రదేశ్ చూపించింది. 2018లో అక్కడి నీటి పథకాల టెండర్లలో, వేసిన తర్వాత ధరలు మార్చారన్న ఆరోపణ బయటపడింది. 2019 ఏప్రిల్‌లో ఆర్థిక నేరాల విభాగం కేసు కట్టింది.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. ఐటీ చట్టం 2000 అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. 69వ సెక్షన్ ప్రకారం, అడిగితే గూఢలిపి విప్పడానికి సహకరించాలి, లేకపోతే ఏడేళ్ల దాకా జైలు. 2009 అక్టోబరులో దానికి నిబంధనలు వచ్చాయి. హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలి, ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా 180 రోజులు దాటకూడదు, పైన ఒక సమీక్ష కమిటీ. ఇదంతా 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ల విషయంలో చెప్పిన దారిలోనే ఉంది. బాగానే ఉంది. కానీ అవే నిబంధనల్లో, పనిలో అవసరం లేని రికార్డులను ఆరు నెలలకోసారి చెరిపేయాలనీ, సంగతి బయటికి పొక్కకూడదనీ ఉంది. పౌరుడి రహస్యాలు ఆఫీసుల్లో పేరుకుపోకూడదన్న మంచి ఉద్దేశం ఉండొచ్చు. కానీ తీసిన సమాచారంతో పాటు, తీశామన్న ఉత్తర్వు కూడా మాయమవుతుంది. మా ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టరు అడిగితే, ఆరు నెలలైంది కదా తగలబెట్టామని చెప్పగలిగేవాళ్లమా?

తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో పంజాగుట్ట పోలీసు స్టేషన్లో నమోదైంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారే వేళ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆరోపణ. తీర్పు కోర్టు చెబుతుంది. నాకు పట్టింది ఆ ధ్వంసం ఆరోపణే. వినడం కన్నా, ఎవరిని విన్నారన్న పుస్తకం మాయం కావడం పెద్ద సంగతి. పొరుగున కర్ణాటకలో 1988లో ఫోన్ల ట్యాపింగ్ వివాదంలో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి వదిలారు. వదలాల్సి వచ్చిందంటే ఉత్తర్వు కాగితం మిగిలి ఉండబట్టే.

ఇక గూఢలిపి సంగతికి వస్తే, 2008 నుంచి నాలుగైదేళ్లు, సందేశాలు చదివే దారి చూపమని బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీతో ప్రభుత్వానికి గొడవ నడిచింది. 2010 ఆగస్టు 31 లోపల దారి చూపకపోతే సేవ ఆపేస్తామని కేంద్రం గడువు పెట్టింది. కంపెనీ తన మామూలు సందేశాల సర్వరును ముంబైలో పెట్టింది. పెద్ద సంస్థల మెయిళ్లకు మాత్రం తాళం ఆ సంస్థల దగ్గరే ఉంటుందని, తన దగ్గర మాస్టర్ కీ లేదని చెప్పింది. 2015 సెప్టెంబరు 21న జాతీయ ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా జనం కంటపడింది. మామూలు పౌరుడు కూడా తాను గూఢలిపిలో పంపిన సమాచారం అసలు ప్రతిని 90 రోజులు దాచి, అడిగితే చూపాలన్నారు. రాప్తాడులో వేరుశనగ కాయల ధర వాట్సాప్‌లో పంపుకునే కమీషన్ దుకాణందారు కూడా ఆ లెక్కలోకి వచ్చేవాడే. వాట్సాప్, బ్యాంకింగ్ మినహాయింపు అంటూ హడావిడిగా ఒక సవరణ వేశారు, మర్నాడే ముసాయిదా వెనక్కి పోయింది. మొదట సందేశం పంపినవాడెవడో చెప్పాలన్న 2021 ఫిబ్రవరి నిబంధనలపై వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. గూఢలిపి విరగ్గొట్టమంటే దేశం వదిలిపోతామని 2024 ఏప్రిల్‌లో దాని వకీలు కోర్టులో అన్నారు. 2023 డిసెంబరులో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం సందేశాలను అర్థమయ్యే రూపంలో ఇమ్మని అడిగే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది.

ఇక్కడ నన్ను నిలదీసేవాళ్లున్నారు. మా అల్లుడు పోలీసు శాఖలో ఉన్నాడు. "మామా, పిల్లల్ని ఎత్తుకుపోయినవాడి ఫోను మూసుకొని ఉంటే మేమేం చేయాలి?" అంటాడు. న్యాయమైన ప్రశ్న. నిందితుడి ఇంటి తలుపు పగలగొట్టడానికి వారంటు ఉంది, ఫోనుకూ ఉండాలి. నా పేచీ దాని మీద కాదు. ఒక నిందితుడి తలుపు కోసం ఊరందరి నకలు చెవులూ ముందే ఒక గదిలో చేర్చి పెట్టడం మీద. మా పద్ధతిలో ఒక బ్రాంచి జత దొంగ చేతికి చిక్కితే ఒక్క బ్రాంచి పోతుంది. పైగా ఆ దొంగ నడిచి రావాలి, రాత్రి కాపలా దాటాలి, రెండు చెవులూ కావాలి. సాఫ్ట్‌వేర్ నకళ్ల గదిలో దొంగ పడితే కూర్చున్న చోటునుంచే అన్ని బీరువాలూ తెరుస్తాడు, తెరిచినట్టు ఎవరికీ తెలియదు.

ఇది ఊహ కాదు. గ్రీసు దేశంలో వొడాఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీలో పోలీసుల కోసం ఎరిక్సన్ రాసిన ట్యాపింగ్ భాగం ఉంది. ఆ భాగం వాడుకోవడానికి వొడాఫోన్ డబ్బు కూడా కట్టలేదు, కానీ అది సాఫ్ట్‌వేర్ లోపల ఉంది. ఎవరో లోపలికి దూరి దాన్ని నిద్రలేపారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కాలం నుంచి 2005 మార్చి దాకా ప్రధాని కోస్తాస్ కరమన్లిస్‌తో సహా వందమందికి పైగా ఫోన్లు విన్నారు. చట్టానికని పెట్టిన తలుపులోంచి చట్టం ఎప్పుడూ రాలేదు, దొంగే వచ్చాడు. పీజీపీ అనే పేరున్న గూఢలిపి సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. కంపెనీల సౌకర్యానికని అదనపు తాళం పెట్టుకునే వీలు 1997లో చేర్చారు. ఎవరైనా తమ తాళాన్ని నీ తాళానికి రహస్యంగా తగిలించవచ్చని 2000 ఆగస్టులో రాల్ఫ్ సెండెరెక్ అనే జర్మన్ చూపించాడు.

మరి ఇప్పుడు మన ఇళ్లలో? కొత్త విండోస్ లాప్‌టాప్ కొని మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా వాటిలో డిస్కు దానంతట అదే మూసుకుంటుంది. దాన్ని విప్పే 48 అంకెల రికవరీ కీ ఆ ఖాతాలోకి పోయి కూర్చుంటుంది. మదర్‌బోర్డు చెడిన రోజున అదే కాపాడుతుంది, ఎందరినో కాపాడింది కూడా. మా పెద్దావిడ ప్రశ్నలు ఇక్కడ వేసి చూడండి. చెవి ఎవరి దగ్గరుంది? ఇంకో సగం ఎవరి దగ్గర? రెండోదానికి జవాబు లేదు, ఎందుకంటే అక్కడ సగాలు లేవు, చెవి మొత్తం ఒక్కచోటే ఉంది. కావాలంటే ఆ కీని కాగితం మీద రాసుకొని, ఖాతాలోంచి తీసేయవచ్చు. ఆ కాగితం మాత్రం లాప్‌టాప్ సంచిలో పెట్టకండి.

బ్యాంకు మనిషిగా నేను అడిగేది పెద్ద కోరిక కాదు. నకలు ఉంచే ఏ సాఫ్ట్‌వేరైనా ఆ మాట కొనేటప్పుడే తెలుగులో చెప్పాలి. నకలు తీసిన ప్రతిసారీ పుస్తకంలో ఎక్కాలి, ఆ పుస్తకం ఆరు నెలలకు కాలిపోకూడదు, దర్యాప్తు అయిపోయాకైనా యజమానికి కబురు అందాలి. ఇది పల్లె బ్రాంచీ చేత కూడా రిజర్వు బ్యాంకు చేయించిన పనే, ఢిల్లీకి చేతకాదనుకోను.

ఈలోగా మీ చేతిలో ఉన్నది మీరు చేయండి. అనంతపురంలో ఆడిటర్ ఆఫీసులో, నెట్ సెంటర్ సొరుగులో, రబ్బరు బ్యాండు చుట్టి పేరు చీటీ అంటించిన డిజిటల్ సంతకం టోకెన్లు డజన్ల కొద్దీ పడి ఉంటాయి. వాటిలో మీది ఉంటే పోయి తెచ్చుకోండి. తెచ్చుకున్న రోజే పాస్‌వర్డు మార్చండి. ఇవ్వక తప్పకపోతే, ఏ రోజు ఎవరికి ఎందుకిచ్చారో ఒక నోటుబుక్కులో రాసి, తీసుకున్నవాడి చేత సంతకం పెట్టించుకోండి.